అమరం మీద అంగుళం లెక్క

పాత స్పీడ్ బోటును బాగు చేయించి మళ్లీ గోదాట్లో దించేవాళ్లు ఫైబర్ పనికీ రంగుకూ ఇంజన్ ఓవరాలింగుకూ వెనకాడకుండా ఖర్చు పెడతారు. మోటారు ఏ ఎత్తులో బిగించాలన్న మాట వచ్చేసరికి మాత్రం పాత బోల్టు కన్నాలు ఎక్కడుంటే అక్కడే పెట్టి బిగించేస్తారు. ఆ కన్నాలు ఎప్పుడో, వేరే మోటారు కోసం, పడవ ఇంత బరువు లేనప్పుడు వేసినవి. ఇప్పుడు పడవ మారింది, మోటారు మారింది, అందులో ఎక్కే మనుషుల లెక్కా మారింది. కన్నాలు మాత్రం మారలేదు.

అమరం పలక (పడవ వెనక మోటారు బిగించే పలక) మీద మోటారు ముప్పావు అంగుళం పైకి జరిగినా, కిందికి జరిగినా పడవ నడక మారిపోతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న లంక గ్రామాలకు ఇది షికారు బోటు వేగానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఎండాకాలంలో పర్యాటకులను తిప్పే బోటే వరద రోజుల్లో మంచినీళ్ల క్యాన్లు, పాల ప్యాకెట్లు, గర్భిణులు, వృద్ధులను ఒడ్డుకు చేర్చే బోటు అవుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. అలాంటి ప్రవాహంలో మలుపు తిరుగుతుండగా ఇంజన్ పట్టు వదిలేస్తే పడవ ఎటు పోతుందో చెప్పలేం.

అందుకే ఎత్తు సరిచేసే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా వరసగా చెప్పుకుందాం. మన ముందున్నది పదిహేను, పదహారు అడుగుల ఫైబర్ బోటు అనుకుందాం. అడుగు 'వి' ఆకారంలో ఉంటుంది. ఒకప్పుడు స్కీయింగ్ చేసేవారిని తాడుతో లాగడానికి కట్టింది. దానికి నలభై హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. మిగతా బోట్లకు అంకెలు మారతాయి గానీ వరస మారదు.

ఎత్తు తప్పితే ఏమవుతుంది

మోటారు కాలి మీద, ఫ్యాన్‌కు (ప్రొపెల్లర్‌కు) సరిగ్గా పైన, చదునైన రెక్క ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్యావిటేషన్ ప్లేటు అంటారు. పైనున్న గాలి ఫ్యాన్‌లోకి దిగకుండా అడ్డుకోవడం దాని పని. మన కొలతలన్నీ ఈ ప్లేటు నుంచే.

మోటారు మరీ పైకి ఉంటే ఫ్యాన్ నీటితో పాటు గాలినీ లాక్కుంటుంది. ఇంజన్ ఒక్కసారిగా గొంతు పెంచుతుంది, పడవ మాత్రం ముందుకు పోదు. మలుపులో పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఇది ముందుగా బయటపడుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వెళ్లే జల్లెడ కన్నాలు కూడా చాలా మోటార్లలో ఈ ప్లేటు కిందనే, గేరు పెట్టె పక్కల్లో ఉంటాయి. అవి గాలి పీలిస్తే లోపలి రబ్బరు ఇంపెల్లర్ ఎండిపోయి పాడవుతుంది, ఆ వెంటనే ఇంజన్ వేడెక్కుతుంది.

మోటారు మరీ కిందికి ఉంటే గేరు పెట్టె, కాలు నీటిలో ఎక్కువగా మునిగి ప్రవాహానికి అడ్డుపడతాయి. వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, వెనక నీళ్లు చిమ్ముతాయి. అన్నిటికంటే ముఖ్యం, గోదావరి ఇసుక మేటలకు ఫ్యాన్ అంత త్వరగా తగులుతుంది. నిన్న లోతున్న చోట రేపు మేట వేసే నదిలో రెండంగుళాలు తక్కువేమీ కాదు.

మొదట పలక గట్టిదో కాదో చూడాలి

పాత ఫైబర్ బోట్లలో అమరం పలకకు రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు కన్నాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి ఆ చెక్క లోపల్లోపల కుళ్లిపోతుంది. పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది. ఒక చిన్న సుత్తి తీసుకుని పలకంతా అరచెయ్యి దూరానికో దెబ్బ చొప్పున తట్టుకుంటూ రావాలి. చెక్క బాగున్న చోట శబ్దం గట్టిగా, పొడిగా 'టక్' మంటుంది. కుళ్లిన చోట 'బొద్ద్' మని లోపలే ఆగిపోతుంది. అనుమానం వచ్చిన చోట పాత కన్నంలోకి సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే నల్లటి తడి పొట్టు బయటికి వస్తుంది. అలా వస్తే ఎత్తు సంగతి పక్కన పెట్టి ముందు పలక మార్పించాలి.

కొత్త ప్లైవుడ్‌పై ఐఎస్ 710 ముద్ర ఉండాలి. అది మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం. చెక్కకు అతికే పనికి పాలియెస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ బాగా పడుతుంది. తడి చెక్క మీద ఏదీ సరిగా అతకదు కాబట్టి, కోనసీమ గాలిలో తేమ పెరిగే వానాకాలానికి ముందే ఈ పని ముగించుకోవాలి.

పలక చూశాక అడుగు కూడా చూడాలి. అమరం నుంచి ముందుకు నాలుగైదు అడుగుల దాకా పొడవాటి అల్యూమినియం చదరపు గొట్టాన్ని అడుగుకు ఆనించి వెలుతురు పడుతుందేమో చూడండి. బాగు చేసేటప్పుడు వేసిన పొరల వల్ల గుంట గానీ ఉబ్బు గానీ వస్తే పడవ వేగంలో ముక్కు దించుతుంది, లేదా ముక్కు ఎత్తి ఊగుతుంది. ఆ తప్పును మోటారు ఎత్తుతో సరిచేయలేం. మధ్య వెన్ను మీద మందంగా ఫైబర్ వేసి మోటారు దాకా తెచ్చినా, మోటారుకు ఎదురుగా పైపో సెన్సారో బిగించినా వాటి వెనక నీళ్లు చిందరవందరై బుడగలతో ఫ్యాన్‌కు చేరతాయి. వాటిని సాపు చేయాలి, లేదా పక్కకు జరపాలి.

పలక ఎత్తు, కాలి పొడవు

పలక పైఅంచు నుంచి మధ్యగీత వెంట పడవ అడుగు దాకా కొలవాలి. మధ్యగీతను పైఅంచు మీద చూసి పెట్టకూడదు. బాగు చేసిన పడవల్లో పైఅంచు ఒక పక్కకు జరిగి ఉండొచ్చు. అడుగున రెండు పక్కల మూలల నుంచీ సమదూరంలో గుర్తు పెట్టి, అక్కడి నుంచి దారం పైకి లాగితే అసలు మధ్యగీత దొరుకుతుంది.

మోటార్లు సాధారణంగా మూడు కాలి పొడవుల్లో దొరుకుతాయి. పొట్టి కాలు 15 అంగుళాల పలకకు, పొడవు కాలు 20 అంగుళాలకు, ఇంకా పొడవైనది 25 అంగుళాలకు. సెకండ్ హ్యాండ్ మోటారు కొనేటప్పుడు అమ్మేవాళ్ల మాటతో సరిపెట్టుకోకుండా, పలక మీద కూర్చునే బ్రాకెట్ లోపలి అంచు నుంచి క్యావిటేషన్ ప్లేటు దాకా మీరే టేపు పట్టి చూసుకోండి. ఇరవై అంగుళాల పలకకు పొట్టి కాలు మోటారు పెడితే ఫ్యాన్ గాలిలో తిరుగుతుంది. పదిహేను అంగుళాల పలకకు పొడవు కాలు పెడితే అయిదంగుళాలు అదనంగా కిందికి వేలాడి ప్రతి మేటకూ తగులుతుంది. కాలి పొడవే తప్పయితే ఎత్తు సర్దుబాటుతో తీరదు. మోటారైనా మార్చాలి, పలకైనా కట్టాలి.

మొదటి గుర్తు

పడవను స్టాండు మీద మట్టంగా నిలబెట్టండి. అదే చదరపు గొట్టాన్ని అడుగు మధ్యలో ఆనించి, వెనక మోటారు కాలి దాకా చాపండి. మోటారు వంపును సర్దే పిన్‌ను ప్లేటు అడుగుకు సమాంతరంగా వచ్చే కన్నంలో పెట్టండి. ఇప్పుడు గొట్టం పైఅంచుకూ ప్లేటుకూ మధ్య ఎంత ఉందో చూడాలి.

బరువులు మోసే పడవకు ప్లేటు అడుగుతో సమంగా ఉండటం మంచి మొదలు. తేలికగా, వేగంగా పోయే 'వి' అడుగు బోటుకు అంగుళం దాకా పైకి పెట్టి మొదలుపెట్టొచ్చు. పలకకూ మోటారుకూ మధ్య ఇనుప బ్రాకెట్ పెట్టి మోటారును వెనక్కి జరిపితే లెక్క ఇంకొంచెం మారుతుంది. పడవ అడుగు వదిలిన నీళ్లు వెనక్కి పోతూ క్రమంగా పైకి లేస్తాయి. అందుకని వెనక్కి జరిపిన ప్రతి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలకు ఓ అంగుళం ఎత్తు కలపాలి.

ఇది మొదలు మాత్రమే. మాన్యువల్ చెప్పగలిగేది ఇంతవరకే. అసలు ఎత్తు నీళ్లలో, బరువుతో, మలుపులో తేలుతుంది.

పరీక్ష కోసం బిగింపు

చేతి మరలతో బిగించే చిన్న మోటారుకైతే బ్రాకెట్ కింద గట్టి చెక్క పట్టీలు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. మోటారును పడవకు గొలుసుతో కట్టడం మరచిపోవద్దు. మరలు వదులైతే మోటారు గోదాట్లో కలిసిపోతుంది.

బోల్టులతో బిగించే పెద్ద మోటార్ల బ్రాకెట్‌కు పైన వరస కన్నాలు, కింద పొడవాటి గాడి ఉంటాయి. ఆ కన్నాల మధ్య దూరం సాధారణంగా ముప్పావు అంగుళం. అంటే పలకకు ఒక్కసారి కన్నాలు వేస్తే చాలు, బ్రాకెట్ కన్నాలు మార్చుకుంటూ మెట్టు మెట్టుగా ఎత్తు మార్చవచ్చు. ప్రతి మెట్టుకూ పలకను కొత్తగా తొలవద్దు. కన్నం వేసేటప్పుడు ముందు కాస్త పెద్దగా తొలిచి, అందులో ఎపాక్సీ నింపి ఆరాక, మధ్యలో బోల్టు సైజుకు మళ్లీ తొలవాలి. అప్పుడు బోల్టు పక్క నుంచి నీళ్లు దిగినా చెక్కను తాకవు.

ఏ నీళ్లలో, ఏ వేళ

రాజమహేంద్రవరం దగ్గర ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలబడి ఉంటాయి. లోతుగా, తిన్నగా ఉన్న పాయ దొరుకుతుంది. ఎండాకాలం ఉదయం గాలి లేవకముందు పరీక్షకు అదే అనువైన చోటు. బ్యారేజీ గేట్లకు, స్నాన ఘట్టాలకు, వలలకు, పంటు నడిచే రేవులకు బాగా దూరంగా ఉండాలి. దిగువన యానాం, నరసాపురం వైపు చేసేవాళ్లు పోటు, పాటు వేళలు చూసుకోవాలి. పాటులో ఎక్కడ మేట బయటపడుతుందో ఆ రేవు సరంగును అడిగి తెలుసుకోవడం కన్నా మంచి పటం లేదు.

పడవలో ఉన్న ప్రతివారికీ లైఫ్ జాకెట్ ఉండాలి. నడిపేవారి మణికట్టుకు ఇంజన్ ఆపే తాడు కట్టి ఉండాలి. యంత్రంతో నడిచే పడవకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ అవసరం. పాత పడవను బాగు చేశాక ఆ కాగితాలు కూడా కొత్తగా సరిచూసుకోవాలి.

పరుగు, రాత

మోటారు మొదటి గుర్తు దగ్గర ఉంచి, ట్యాంకులో సగం పెట్రోలుతో, ఇద్దరు మనుషులతో మొదలుపెట్టండి. ఒకరు నడుపుతారు, ఒకరు రాస్తారు. నడిపేవారు వెనక్కి తిరిగి చూడకూడదు. ప్రతి మెట్టుకూ నాలుగు సంగతులు రాయాలి: పూర్తి వేగంలో ఆర్‌పీఎం, జీపీఎస్ చూపిన వేగం, మలుపుల్లో పట్టు, చల్లబరిచే నీటి ధార.

వేగాన్ని ఎగువకూ దిగువకూ రెండు వైపులా కొలిచి సగటు తీయాలి. ఎగువకు 38, దిగువకు 44 కిలోమీటర్లు వస్తే పడవ వేగం 41. ఒకవైపు మాత్రమే చూస్తే ప్రవాహం వేగాన్ని మోటారు ఖాతాలో వేసుకున్నట్టే. వంపు పిన్ అన్ని పరీక్షల్లోనూ ఒకే కన్నంలో ఉండాలి. వంపు మారితే ఫ్యాన్ లోతు కూడా మారుతుంది. ఎత్తు వల్ల వచ్చిన తేడా ఏదో, వంపు వల్ల వచ్చింది ఏదో తెలియకుండా పోతుంది.

పడవ నీటిపైకి తేలి పరుగు అందుకున్నాక రెండో మనిషి వెనక చూడాలి. ప్లేటు నీటి మట్టానికి సమంగా, లేదా కొద్దిగా పైన కనబడాలి. ప్లేటు మీదుగా నీళ్లు దొర్లుతూ కాలిని కొట్టి పైకి చిమ్ముతుంటే మోటారు కిందికి ఉన్నట్టు. అప్పుడు ఒడ్డుకు తెచ్చి ఒక మెట్టు పైకి పెట్టి మళ్లీ పరుగు తీయాలి.

ఇంజన్ వెనక సన్నటి గొట్టంలోంచి బయటపడే నీటి ధార మీద కన్ను ఉండాలి. అది బలంగా, తెగకుండా ఒకే తీరున వస్తే లోపలికి నీళ్లు అందుతున్నట్టే. ధార సన్నబడి, మధ్యమధ్యలో గాలితో కలిసి చిటపటలాడిందంటే జల్లెడ కన్నాలు నీటిపైకి వచ్చేస్తున్నాయి. వేగం ఎంత బాగున్నా ఆ మెట్టు పనికిరాదు, దిగాల్సిందే. మెట్టు మార్చకుండానే ధార తగ్గితే మాత్రం ఎత్తును తప్పుపట్టవద్దు. ఇసుకో, గుర్రపుడెక్క వేరో, ప్లాస్టిక్ సంచో జల్లెడకు అడ్డుపడిందేమో చూడాలి.

ధార బాగుంటే మలుపులు. ముందు మోస్తరు వేగంలో, తరవాత కొంచెం పెంచి, కుడికీ ఎడమకూ వెడల్పుగా తిప్పాలి. ఫ్యాన్ ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి రెండు మలుపులూ ఒకేలా ఉండవు. ఒక వైపు బాగుందని ఆపేయకూడదు. మలుపులో ఇంజన్ గొంతు పెరిగి పడవ జారినట్టు అనిపించిన మెట్టే పై హద్దు. అక్కడి నుంచి ఒక మెట్టు దించితే తేలిక బరువుకు సరైన ఎత్తు దొరికినట్టు.

బరువు వేశాక అసలు తీర్పు

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇద్దరు మనుషులతో దొరికిన ఎత్తు ఎనిమిది మంది ఎక్కితే సరిపోతుందని నమ్మలేం. అలాగని బరువు పరీక్షకు మనుషుల్ని ఎక్కించడం కూడా సరికాదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఇరవై కిలోలు. మూడు క్యాన్లు దాదాపు ఒక మనిషి బరువు. వాటిని ఒడ్డు దగ్గర గోదావరి నీళ్లతో నింపి, మనుషులు కూర్చునే చోట్లలో కట్టి, పడవకు రాసిచ్చిన బరువు హద్దు దాటకుండా పరీక్షించాలి.

బరువు ఎక్కువైతే అమరం నీటిలోకి దిగుతుంది, ప్లేటు బాగా మునుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు ఫ్యాన్ గాలి పీల్చదు. చిక్కు మరోచోట ఉంది. క్యాన్లను ముందుకు జరిపి చూడండి. ముక్కు దిగి, అమరం లేచి, ఫ్యాన్ పైకి వస్తుంది. వరదలో జరిగేది సరిగ్గా ఇదే. ఒడ్డు కనబడగానే దిగాలన్న ఆత్రంతో జనం ముందుకు చేరతారు. అప్పుడే నడిపేవారికి వెనక్కి లాగాల్సిన అవసరం వస్తుంది. రివర్సులో ఫ్యాన్ గాలి పీల్చిందంటే పడవ ప్రవాహంలో పక్కకు తిరిగిపోతుంది. కాబట్టి ముందు బరువుతో నెమ్మదిగా రివర్సు వేసి చూడటం ఈ పరీక్షలో తప్పనిసరి. అందులో పట్టు జారితే మరో మెట్టు దించాలి.

పడవ ఎవరికి పనిచేస్తుందో దాన్నిబట్టే ఏ మెట్టు ఎంచుకోవాలన్నది కూడా. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే యువకుడు రెండు పలకల మీద నిలబడి పడవ వెనక జారినప్పటి నుంచీ స్కీ బోటు పని ఒకటే. ఆగి ఉన్న మనిషిని నీళ్లలోంచి ఒక్క ఊపున లేపాలి, పడిపోతే గిరుక్కున తిరిగి దగ్గరికి రావాలి. రెంటికీ ఫ్యాన్ నీటిని గట్టిగా పట్టుకోవాలి కాబట్టి గరిష్ఠ వేగం ఇచ్చే మెట్టు కంటే ఒకటి కింద ఉంచడం మేలు. వరద పడవకూ ఇదే వర్తిస్తుంది. వేగంలో గంటకు రెండు కిలోమీటర్లు తగ్గినా ఫరవాలేదు, మలుపులో పట్టు పోకూడదు.

ఎత్తు కుదిరాకే ఫ్యాన్

పరీక్షకు ముందు ఫ్యాన్ రెక్కల అంచులు చేత్తో తడిమి చూడాలి. గోదావరి ఇసుకకు అల్యూమినియం రెక్కల అంచులు అరిగి గరుకు తేలతాయి. అరిగిన రెక్క మంచి ఎత్తులో కూడా గాలి పీలుస్తుంది. ఎత్తు కుదిరాక పూర్తి వేగంలో ఆర్‌పీఎం మాన్యువల్ ఇచ్చిన పరిధిలో ఉందో లేదో చూడండి. పరిధి 5,000 నుంచి 6,000 అని ఉండి, బరువుతో 4,700 దగ్గరే ఆగిపోతుంటే ఇంజన్ మోయలేకపోతోందని అర్థం. అప్పుడు తక్కువ పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోయే లెక్క) ఉన్న ఫ్యాన్ వేయాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం దాదాపు 150 నుంచి 200 దాకా పెరుగుతుంది. ఫ్యాన్ మార్చాక మలుపు పరీక్ష మళ్లీ చేయాలి. ఒక్కో ఫ్యాన్ నీటిని ఒక్కోలా పట్టుకుంటుంది.

చివరి బిగింపు

మెట్టు తేలాక బోల్టులు విప్పి, కన్నాలు ఆరనిచ్చి, మెరైన్ సీలెంట్ పెట్టి మళ్లీ బిగించాలి. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయితే ఉప్పునీటికి నిలుస్తాయి. పడవ లోపలి వైపు వెడల్పాటి వాషర్లు గానీ పట్టీ గానీ వేయాలి. చిన్న వాషరు వేసి బలం కొద్దీ బిగిస్తే చెక్క నలిగి మళ్లీ నీళ్లకు దారి అవుతుంది. మొదటి కొన్ని గంటల పరుగు తరవాత బోల్టులు మరోసారి సరిచూడాలి.

ముందుకు పోయేటప్పుడు మోటారు లాకు వదిలే ఉండాలి. వరదలో కొట్టుకొచ్చే దుంగ తగిలితే కాలు పైకి లేచి బతుకుతుంది. లాకు వేసి ఉంటే ఆ దెబ్బ నేరుగా పలక మీద పడుతుంది. అంతర్వేది, యానాం వైపు ఉప్పునీళ్లలో తిరిగివచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఇంజన్ లోపల కడగాలి.

ఏ మెట్టు, ఏ ఫ్యాన్, ఎంత బరువుతో పరీక్షించారు, ఏ తేదీన అన్నది పలక లోపలి వైపు చెరగని రంగుతో రాసి పెట్టండి. వరద వేళ ఆ పడవ మీ చేతిలోనే ఉండదు. ఎవరో ఒక సరంగు, ఎవరో ఒక సహాయక దళం కుర్రాడు దాన్ని నడుపుతాడు. ఇది ఎంత బరువుకు నమ్మకంగా తిరుగుతుందో అతనికి ఆ నాలుగు మాటలే చెప్పాలి. కొత్త పొర వేసినా, సీట్లు మార్చినా, మోటారు మార్చినా ఆ రాత పాతబడినట్టే, పరీక్ష మళ్లీ చేయాలి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చాక కన్నాలు మార్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. మే నెలలో, నది సాధువుగా ఉన్నప్పుడు, నీళ్ల క్యాన్లతో రెండు ఉదయాలు కేటాయిస్తే ఆ పని అయిపోతుంది. లంకల్లో పడవ ఉన్న ప్రతివారూ ఏటా వానలకు ముందు చేసుకోవాల్సిన పని ఇది.